నా తోడికోడలు లేచి నిలబడిన సాయంత్రం

పోయిన ఆదివారం ఫిల్మ్ నగర్‌లోని మా మందిరంలో, కొత్తగా వచ్చిన పాస్టరుగారు ప్రభువు సేవకు సమర్పించుకునేవాళ్ళు లేచి నిలబడమని అడగగానే పాతికమంది పిల్లలు ఒక్కసారిగా లేచారు, వాళ్ళను వీడియో తీయడానికి మరో పదిమంది లేచారు, కుర్చీలో కూర్చుని చూస్తున్న నేను మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. మీరు నా ఈడువాళ్ళు కనుక దాచకుండా చెబుతున్నాను, అది భక్తితో వచ్చిన బాధ కాదు, అసూయ. డెబ్భై ఏళ్ళొచ్చినా చావని అసూయ. అదైనా ఆ పిల్లల మీద కాదు, నా సొంత తోడికోడలి మీద.

మావారు సినిమా కంపెనీలకు దుస్తులు కుట్టేవారు, మరిది లైట్లు మోసేవాడు. కృష్ణానగర్‌లో ఒకే వాకిట్లో పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళం. నేను కోస్తాలో మిషన్ బడి హెడ్మాస్టరుగారి కూతుర్ని, పదేళ్ళకే బైబిలు వాక్యాలు తడుముకోకుండా అప్పజెప్పినదాన్ని, ఇక్కడికి కాపురానికి వచ్చిన ఏడాదికే ఆదివారపు బడి నా చేతికి వచ్చింది. మరిది భార్య సిద్దిపేట వైపు పల్లెటూరి మనిషి, మా ఇంటికొచ్చాకే బాప్తిస్మం తీసుకుంది, అక్షరం ముక్క రాదు, సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలకు వెళ్ళేది, ఒకరోజు పెళ్ళివారి చుట్టం, ఒకరోజు బిచ్చగత్తె. వంకాయకూర మాత్రం నాకంటే బాగా వండేది. ఆ సంగతి మావారు నా ముందే అనేవారు, అదొక మంట.

నా కోరికల్లా ఒక్కటే, దేవుడు నన్ను సేవకు పిలవాలి. పూర్వం భక్తుల్ని పిలిచినట్టు పేరు పెట్టి, కలలోనో ప్రార్థనలోనో, స్పష్టంగా పిలవాలి. పదిహేనో ఏటి నుంచి ఎదురుచూస్తూ, శుక్రవారాలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసాలున్నాను. నా అంతట నేను లేస్తే అహంకారం అవుతుందేమోనని ఒక భయం, పిలిచాక ఆలస్యం చేస్తే అవిధేయత అవుతుందేమోనని ఇంకో భయం.

అప్పట్లో మా మందిరం రేకుల షెడ్డు. మూడు రోజుల ఉపవాస కూడికల ఆఖరి సాయంత్రం, పై ఊరి నుంచి ప్రసంగానికి వచ్చిన దైవజనుడు, ప్రభువు సేవకు ఎవరు లేస్తారని ఇదే ప్రశ్న అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న నేను, గుండె వేడెక్కుతుందేమో, చెవిలో నా పేరు పడుతుందేమో అని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. వెనక ఏదో అలికిడైంది. తిరిగి చూస్తే, షూటింగు నుంచి తిన్నగా వచ్చిన నా తోడికోడలు, ముఖాన పూసిన నల్లరంగుతో, బిచ్చగత్తె చిరుగుల చీరతో నిలబడి ఉంది. కంపెనీవాళ్ళ చీర తిరిగి ఇవ్వకుండా వచ్చిందేమిటా అన్నదే నాకు తోచిన మొదటి ఆలోచన. దైవజనుడు ఆమె తలమీద చేతులుంచి ప్రార్థిస్తుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఇంటికొచ్చాక ఆమె కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటే, ఉండబట్టలేక, ఏం వినపడింది, కలేమైనా వచ్చిందా, వెలుగేమైనా కనపడిందా అని ఆరా తీశాను.

“ఏం ఇనపడలే అక్కా. దేవుడు గంతగనం అడుగుతుండు, ఒక్కరు లేస్తలేరు. పాపమనిపించి నేనే లేచిన,” అంది.

దేవుడి మీద జాలిపడే ముఖం చూడండమ్మా అని, ఆ మాటను వారం రోజులు మందిరంలో ఆడవాళ్ళకు చెప్పి నవ్వించాను. వాళ్ళూ నవ్వారు, కానీ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ప్రార్థనకు వెళ్ళి తట్టింది మాత్రం ఆవిడ తలుపే.

కొన్నాళ్ళకు, జర సదువు నేర్పు అక్కా, వాక్యం నేనే సదువుకుంట అని అడిగింది. రేపు చూద్దాంలే అన్నాను. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్ళు గడిపాను. ముప్ఫైమంది పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఒక్క మనిషికి చెప్పడానికి తీరిక లేదన్నాను. చదువు కూడా వచ్చేస్తే ఇక నాకంటూ మిగిలేది ఏమిటి? చివరికి మా వీధి చివర పక్షవాతంతో పడివున్న ఒక పాతకాలపు డాన్సరమ్మకు రోజూ స్నానం చేయించి, ఆవిడ మంచం పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. వేషాల కోసం వచ్చి అద్దెగదుల్లో జ్వరంతో మూలిగే ఆడపిల్లలకు జావ కాచి పట్టుకెళ్ళేది, ఆ వీధులన్నీ ఆవిడను జావమ్మ అనడం మొదలుపెట్టాయి. నేనేమో ఆవిడ గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో కిటికీలోంచి లెక్కపెడుతూ, నా పిలుపు కోసం ఎదురుచూస్తూ ముసలిదాన్నయ్యాను.

మా ఇద్దరి మగవాళ్ళూ పోయారు. ఆవిడ ఇప్పుడు తుంటి ఎముక విరిగి మధురానగర్‌లో కూతురింట్లో మంచం మీద ఉంది. మొన్న ఫోన్లో, మన పాత గదులున్న చోట కట్టిన హాస్టల్లో ఒక పిల్లకు కామెర్లంట, చూసే దిక్కు లేదంట అని దిగులుపడింది. నన్ను వెళ్ళమంటుందని చూశాను. అనలేదు. రెండేళ్ళు రేపు రేపు అన్న మనిషిని ఎవరు మాత్రం అడుగుతారు? ఫోను పెట్టేశాను. రేకుల షెడ్డులో ఆ సాయంత్రం దైవజనుడు ఎవరి పేరూ అనలేదని అప్పుడు తట్టింది. ఆవిడకు వినపడిందే నాకూ వినపడింది, మూడుసార్లూ వినపడింది. విడిగా నా పేరు వినపడాలని పట్టుబట్టింది నేనే.

జావ కాచుకుని ఆటో ఎక్కాను. మా రోజుల్లో గది తలుపులు ఓరగా వేసి ఉండేవి, తోసుకుని లోపలికి వెళ్ళడమే. ఇప్పుడు గేటు, గేటుకో కెమెరా, ఎవరు గావాలె అని నిలదీసే వాచ్‌మన్. నేను ఆ పిల్ల పేరైనా అడిగి తెలుసుకోలేదు. ఏం చెప్పాలో తోచక, జావమ్మ తోడికోడలిని అన్నాను.

“గట్ల ముందే జెప్పొద్దా అవ్వా. మూడో అంతస్తు. లిఫ్టు ఖరాబైంది, మెల్లగ పో,” అని గేటు బార్లా తీశాడు.

ఆ పేరుకు గేటు తెరుచుకోవడం చూసి, నాలో పాత మంట మళ్ళీ చుర్రుమంది. ఆ మంటతోనే గిన్నె పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాను. అప్పట్లో ఇక్కడ మెట్లే లేవు. జ్వరంతో మూలిగే ఆ ఆడపిల్లలవి అన్నీ నేలమీది గదులే, నా గుమ్మం నుంచి నాలుగడుగుల దూరం.