పెదనాన్న కండువా, అత్తయ్య ఫోటో

మొన్న డిసెంబరు ఆఖర్న మా పెదనాన్న మనవరాలు ఫోనులో బంధువుల గ్రూపుకి ఒక కబురు పెట్టింది. ఏడాది ముగుస్తోంది కాబట్టి కుటుంబాన్ని ఇంతదాకా తెచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు చెబుతూ పాత పెళ్లిఫోటోలతో వీడియో చేస్తుందట, ఎవరి దగ్గర ఏవుంటే అవి పంపమంది. మావాళ్లకి ఆ మాట చాలు. పొద్దుగూకేలోపు నా ఫోను ఎంత వేడెక్కిందంటే, జేబులో పెట్టుకుంటే చొక్కా దానంతటదే ఇస్త్రీ అయిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినవి మా పెదనాన్నవి. పెళ్లికొడుకు పక్కన పెదనాన్న, బ్యాండు మేళం ముందు పెదనాన్న, బూందీ గంగాళం పక్కన ఆ బూందీ తనే దూసినట్టు పెదనాన్న. అన్నిట్లోనూ ఎడమ భుజం మీద జరీ కండువా. చివర్న ఆ పిల్లే అడిగింది, "నందిగామ మామ్మ ఫోటో ఒక్కటి కూడా రాలేదేంటి? ఎవరి దగ్గరన్నా ఉందా?" అని. అప్పటిదాకా సంతలా ఉన్న గ్రూపు కరెంటు పోయినట్టు ఆగిపోయింది.

ఆ పిల్లకి మామ్మ అంటే నాకు మేనత్త. మా పెదనాన్నకీ, నాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు. మావయ్య నందిగామలో ఒక బట్టల కొట్లో గుమాస్తా. పొద్దుటినుంచి సాయంత్రందాకా పట్టుచీరలు విప్పి చూపించి మడతలు పెట్టే ఆ మనిషి, ఇంట్లో పెళ్లానికి మాత్రం నేతచీరకి మించి కొన్న పాపాన పోలేదు. పిల్లల్లేరు. జగ్గయ్యపేటలో పెదనాన్న ఇంట్లో పెళ్లి కుదిరిందని తెలిస్తే చాలు, ఎవరూ పిలవకుండానే బస్సు దిగేది, చేతిలో సొంత గరిటెతో. మా ఇంటి గరిటెలు వంకరవని ఆవిడ నమ్మకం. పెదనాన్నకి ఉన్న ఆడపిల్లల సంఖ్య చెప్పను గానీ, డెబ్బైల్లో మా వీధికి వేసిన పందిరి ఎనభైల్లోగానీ విప్పలేదని ఇరుగుపొరుగు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పెళ్లిళ్లన్నిటికీ అరిసెల పాకం పట్టింది, మినపసున్నుండలు చుట్టింది, విడిదింట్లో అలిగిన మగపెళ్లివారికి మంచినీళ్లిచ్చి మాటలతో మెత్తబరిచింది మా అత్తయ్యే. పిడికెడంత మనిషి. ఆవిడ దంచిన కారం ఘాటుకి మునేరు నది అవతల బస్సులో కూర్చున్నవాళ్లు తుమ్మేవారని నేనంటే అతిశయోక్తి అంటారు. రెండు తుమ్ములు తగ్గించుకోండి.

ఇక స్టూడియో ఆయన. పేటలో కెమెరాలు ఇంకా ఉండేవేమో, పెదనాన్న మాత్రం ఈయన్ని తప్ప ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. మెడలో పెట్టె కెమెరా, భుజాన చంటిపిల్లంత బ్యాటరీ, చేతిలో పళ్లెమంత ఫ్లాష్. అది వెలిగితే తెల్లారిందనుకుని గంపకింద కోడి కూసేది. పెళ్లికూతురు మూడు రాత్రులదాకా కళ్లు మూసుకున్నా వెలుతురే కనబడుతోందని ఏడ్చేది. రీళ్లు బెజవాడనుంచి రావాలి. ఒక్కో రీలుకీ పన్నెండే ఫోటోలు. పన్నెండు ఫోటోల్లో పెదనాన్నే సగం నిండిపోతే, మిగతా ఊరంతా ఎక్కడ పట్టాలి? అయినా పందిట్లో అడిగినవాళ్లెవర్నీ స్టూడియో ఆయన కాదనలేదు. నుంచోమనేవాడు, గడ్డం ఎత్తమనేవాడు, మెరిపించేవాడు. ఎంత మంచివాడో అనుకునేవాళ్లం.

ధనుర్మాసం పడితే ముహూర్తాలుండవు. స్టూడియో ఆయనకి చేతినిండా తీరిక. ఆ ఏడు తీసిన పెళ్లిళ్ల ఆల్బములన్నీ కట్టి, డిసెంబరు చివరి రోజున పెదనాన్నకి తెచ్చిచ్చేవాడు. దాన్నే పెదనాన్న ఒక పండగ చేశాడు. బంధువులందర్నీ పిలిచి, మధ్యాహ్నం భోజనాలు పెట్టి, హాల్లో పడక్కుర్చీలో కూర్చుని ఆల్బం ఒళ్లో పెట్టుకునేవాడు. సాలెగూడు బొమ్మలున్న పల్చటి కాగితాన్ని పెళ్లికూతురి ముసుగు తీసినంత మెల్లగా తీసి, ఫోటోలో ఎవరుంటే వాళ్లని పేరుపెట్టి పిలిచి, ఆ పెళ్లికి వాళ్లు చేసిన ఉపకారం నలుగురిలో చెప్పి, చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. "మా బావగారు లేకపోతే ఈ పెళ్లి నడిచేదా!" అనేవాడు. ఆ బావగారు భోజనాల వేళకి వచ్చి, భోజనాలవగానే వెళ్లినవాడే. అయినా ఫోటోలో ఉన్నాడు కాబట్టి దణ్ణం దక్కింది. బూరెల బుట్ట మోసినవాడు ఫోటోలో లేడు కాబట్టి బుట్ట దానంతటదే నడిచొచ్చిందన్న లెక్క. మా ఇంట్లో కృతజ్ఞత అనేది పేజీ ఉన్నవాళ్లకే.

మా అత్తయ్య గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని తన పేజీ కోసం చూసేది. ప్రతి పెళ్లిలోనూ ఫోటోకి నుంచునేది మరి. పొయ్యి దగ్గర్నుంచి లేచి, మొహం కడుక్కుని, పౌడరద్దుకుని, ఉన్న ఒక్క మంగళగిరి చీరా కట్టుకుని, పెళ్లికూతురి పక్కన కొయ్యబొమ్మలా నుంచునేది. అలా నుంచోగానే ఎదురుగా ఉన్న పెదనాన్న కండువా తీసి దులిపి సర్దుకునేవాడు. ఫ్లాష్ మెరిసేది. అత్తయ్య వంటింట్లోకి ఎగురుకుంటూ వచ్చేది. "చూశారటే? మా అన్నయ్య ఎంతమంది నుంచున్నా కదల్డు. నేను నుంచుంటే మాత్రం కండువా సర్దుకుంటాడు. ఆడబడుచంటే అదీ మర్యాద!" అని మా అమ్మతో, పెద్దమ్మతో చెప్పుకుని మురిసేది.

డిసెంబరులో ఆల్బం ఆఖరి అట్ట పడేది. అత్తయ్య మెల్లగా అడిగేది. "నాది పడలా?"

"అదేంటోనండి, సరిగ్గా మీ దగ్గరకొచ్చేసరికి రీలు చుట్టుకుపోయిందండి" అనేవాడు స్టూడియో ఆయన. మరుసటేడు లైటు పడి మాడిపోయేది. ఆపైయేడు కడిగే నీళ్లలో దోషం. పెదనాన్న నవ్వి, "నీ అందం తట్టుకోలేక కెమెరా కళ్లు మూసుకుందే చెల్లాయ్!" అనేవాడు. అందరూ నవ్వేవారు. అందరికన్నా గట్టిగా అత్తయ్యే నవ్వేది. నవ్వి, భోజనాలు చేసినచోట శుద్ధిపెట్టడానికి లేచేది.

అలా కొన్నేళ్లు జరిగేసరికి ఆవిడకొక సంగతి ఖాయమైపోయింది. "నా మొహానికి ఫోటో అచ్చిరాదురా" అనేది. తల్లో పూలు ఎక్కువయ్యాయేమోనని ఒకసారి తగ్గించింది. ముక్కుపుడక మెరుపు అడ్డొస్తోందేమోనని ఒకసారి తీసేసింది. ఒకసారి తూర్పు తిరిగి నుంచుంది, ఇంకోసారి ఉత్తరం. ఆఖరికి వేదాద్రి వెళ్లి నరసింహస్వామికి మొక్కుకుంది కూడా. పిల్లల కోసం మొక్కుకునేవాళ్లని చూశాను, పంట కోసం మొక్కుకునేవాళ్లని చూశాను. ఫోటోలో పడాలని మొక్కుకున్న మనిషి ఈ జిల్లా మొత్తంలో మా అత్తయ్యొక్కతే. నరసింహుడంతటివాడు కూడా పెదనాన్న కండువాని కదపలేకపోయాడు.

ఆ కండువా కథ నాకు ఎనభైల్లో, నా పెళ్లి కుదిరాక తెలిసింది. ముహూర్తం చెప్పడానికి స్టూడియోకి వెళితే ఆయన టీ తెప్పించి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి మీ పెళ్లికి కండువా ఎవరేస్తారండీ? పెద్దాయనేనా?"

"కండువా ఏంటండీ?" అన్నాను.

"అయ్యో, మీకు చెప్పలేదా! ఎడం భుజాన ఉంటే రీలు ఫోటో. కుడి భుజానికి మారిందంటే గాలి ఫోటో అండి. ఉత్త ఫ్లాష్. రీలు ఎవరి మీద పెట్టాలో నాకేం తెలుస్తదండీ, పెద్దాయన చెప్పాలి గానీ. నుంచున్నోళ్లకి సరదా తీరతది, మనకి రీలు మిగులతది." ఆయన ఇది మోసమనుకుని చెప్పలేదు. కంసాలి తరుగు తీయడం గురించి చెప్పినట్టు, పనిలో పద్ధతిగా చెప్పాడు.

"మా అత్తయ్యకి...?"

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. "ఆవిడకి ఎప్పుడూ కుడేనండి."

నాకు నవ్వు రాలేదు. దేనికైనా నవ్వొచ్చే నోరు నాది. సొంత చెల్లెలికి, పొయ్యి ముందు కూర్చుని ఇంటిల్లిపాది పెళ్లిళ్లూ ఈదిన మనిషికి, ఒక్క ముక్క రీలు వెయ్యడానికి చెయ్యి రాలేదు మా పెదనాన్నకి. ఎప్పుడో కబురంపితే వచ్చే దూరపు ఆఫీసరు బంధువులకి మాత్రం నిలబడితే ఒకటి, కూచుంటే ఒకటి. "కండువా ఎటున్నా సరే, నా పెళ్లిలో మా అత్తయ్యని రీలుతో తీయాలి" అని స్టూడియో ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

పెళ్లి నందిగామలో, ఆడపెళ్లివారింట్లో. తలంబ్రాలయ్యాక పీటలమీంచే కేకేశాను. "అత్తయ్యా, రా! ఫోటో!"

ఆవిడ రాలేదు. పందిరి గుంజ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. "వద్దురా నాయనా. నేను నుంచుంటే రీలంతా పాడైపోతది. ఆ పెళ్లిళ్లంటే ఏదోలే, పోయినయ్యి. నీ పెళ్లి ఫోటోలు పాడు చెయ్యమంటావా?"

"ఏం కాదు, రా!"

"నీకు తెలవదు. నా మొహం మంచిది కాదురా."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పెదనాన్న ఉన్నాడు. అన్నయ్య మర్యాద తప్ప ఆవిడ పుట్టింటినుంచి తీసుకెళ్లిన ఆస్తి ఇంకేం లేదు. అది కూడా లాక్కుని చేతిలో ఫోటో పెట్టడం ఏం న్యాయం? లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, నాకూ మా ఆవిడకీ మధ్య నిలబెట్టాను. పెదనాన్న అలవాటు ప్రకారం కండువా దులిపి కుడి భుజాన వేసుకున్నాడు. స్టూడియో ఆయన నావైపు చూసి తలూపాడు. ఈసారి రీలు తిరిగింది. ఫ్లాష్ మెరిసే ముందు రెప్పపాటులో, నా ఫోటో పాడవకూడదని, మా అత్తయ్య మొహానికి చెంగు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకుంది.

ఆ డిసెంబరులో పెదనాన్న నా ఆల్బం విప్పాడు. నేను, మా ఆవిడ, మధ్యలో పొగలాగా అలుక్కుపోయిన చీర చెంగు ఒకటి. "ఇదెవరో అడ్డమొచ్చారోయ్" అని పేజీ తిప్పబోయాడు.

గుమ్మం దగ్గర్నుంచి అత్తయ్య ఒక్క గంతు వేసింది. "ఆగు అన్నయ్యా, తిప్పమాక! నేనే! పడింది చూడు, అంచు పడింది! అది నా మంగళగిరి చీరే!" ఆ అంచుని వేలితో తడిమి తడిమి చూసుకుంది. హాల్లో అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వి పేజీ తిప్పేశాడు. తర్వాతి పేజీలో ఎవరో బావగారున్నారు. ఆయనకి దణ్ణం పెట్టాడు.

మరి కొన్నేళ్లకి అత్తయ్య పోయింది. పెద్దకర్మ రోజు దండ వెయ్యడానికి పటం లేక, పీట మీద ఉత్త దీపం పెట్టారు. దాని ముందు కూర్చుని మా పెదనాన్న వెక్కివెక్కి ఏడ్చాడు. అబద్ధపు ఏడుపు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "పిచ్చిది, ఒక్క ఫోటో అన్నా తీయించుకోలేదర్రా!" అన్నాడు, కండువాతో కళ్లు తుడుచుకుంటూ.

మొన్న నేను ఆ పాత ఆల్బం తీసి, మమ్మల్నిద్దర్నీ కోసేసి, ఆ చెంగు ముక్క మాత్రం గ్రూపులో పెట్టాను. కింద "మీ నందిగామ మామ్మ" అని రాశాను. పెదనాన్న మనవరాలు వెంటనే జవాబిచ్చింది. "బాబాయ్, ఇది సరిగా పడలేదు, మొహం కనబడేది పంపవా?" లేదన్నాను. వీడియో వచ్చింది. మంచి పాట వెనక పెట్టి, ఒక్కొక్క మొహం కిందా కృతజ్ఞతలు రాసి, ఆఖర్న పెదనాన్నని ఎడమ భుజం కండువాతో తెరంతా నింపింది. అత్తయ్య అందులో లేదు. ఆ పిల్లనేమంటాం, చేతికందినవి పేర్చింది. కాలం అందరి మొహాలమీదా ఒకేలా మెరుస్తుందనుకుంటూ గడ్డాలెత్తి నుంచుంటాం గానీ, అది ఎవరి ముందు రీలు తిప్పిందో, ఎవరి ముందు ఉత్తినే మెరిసిపోయిందో ఆల్బం విప్పేదాకా తెలియదు, విప్పే వేళకి అడగడానికి వాళ్లుండరు.