రెవల్యూషన్ అంకుల్

ఎక్కడ కుంకుమపువ్వు వాసన తగిలినా, అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మా పక్కింటి షిరీన్ ఆంటీ గుర్తొస్తుంది. ఆవిడ ఇరాన్ రాజకుటుంబంలో పుట్టింది. నా చిన్నప్పుడు ఒకరోజు కుంకుమపువ్వు వేసి అన్నం వండుతూ ఇంగ్లిష్‌లో చెప్పింది: "రెవల్యూషన్ వచ్చింది. మేం ప్యాలెస్ వదిలేసి పారిపోయాం."

నేను భయపడి ఇంటికొచ్చాను. "అమ్మా, రెవల్యూషన్ అంకుల్ మనింటికి కూడా వస్తాడా?"

"అది మనిషి కాదు నాన్నా. జనమంతా కలిసి రాజుని దించేశారు."

నాకేమీ అర్థం కాలేదు. మర్నాడు ఆంటీనే అడిగాను. "జనం బ్యాడా, మీరు బ్యాడా?"

ఆవిడ నా ప్లేటులో అన్నం పెట్టింది. "ఆ జనంలో మా సొంత అన్నయ్య కూడా ఉన్నాడు" అంది.

ఇంకా తికమకపడుతూనే అన్నం తిన్నాను. ఆ అన్నయ్య తర్వాత ఏమయ్యాడో అడగాలని నాకప్పుడు తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.