చింతపండుతో తోమిన కత్తి

నా చిన్నప్పుడు, మేం న్యూజిలాండ్‌లో ఆక్లండ్ శివారు ఫ్లాట్ బుష్‌కి మారిన కొత్తలో, ఇంట్లో స్టీలు సామాను ముఖం కనిపించేలా మెరవాలని అమ్మ పట్టుదల. మెరవకపోతే తోమినట్టే కాదు. పదేళ్ళకే గిన్నెలు తోమడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరంటే నాకు గర్వం కూడా. ఆ గర్వమే ఒక శనివారం నా కొంప ముంచింది.

అప్పుడు మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఈ దేశం వచ్చిన ఏడాదికే ఐటీ ఉద్యోగం పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో పడుకునేవాడు. అమ్మ బతిమాలినా, నాన్న కేకలేసినా లేచేవాడు కాదు. పక్కింట్లో ఒంటరిగా ఉండే కివీ తాతగారు, అంటే ఈ దేశస్థుడే, ఒకరోజు కంచె దగ్గర పలకరించి, తన గరాజ్‌లోకి తీసుకెళ్ళి, చేతిలో శాండ్‌పేపర్ పెట్టారు. ఆయనకి కత్తులు చెయ్యడం సరదా. ఆ తర్వాత మావయ్య మళ్ళీ అన్నం అడిగి పెట్టించుకున్నాడు, కొన్నాళ్ళకి వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. అందుకే ఆయన ఇల్లు అమ్మేసి దక్షిణాన దూరంగా డునెడిన్ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారని తెలిశాక, తను సొంతంగా చేసిన కత్తి ఒకటి ఆయన చేతిలో పెట్టి పంపాలని పంతం పట్టాడు.

ఆ శనివారం నాలుగింటికి తాతగారు ఎయిర్‌పోర్టుకి బయలుదేరాలి. పొద్దున్నే కత్తి పూర్తయింది. దాన్ని మా గరాజ్‌లో బల్ల మీద, తోలు ఒర పక్కన పెట్టి మావయ్య స్వీట్లు కొనడానికి వెళ్ళాడు. నేను వెళ్ళి చూస్తే కత్తి మసకగా ఉంది. పొడుగునా సన్నసన్నటి గీతలు. పాపం, మావయ్యకి తోమడం చేతకాలేదనుకున్నాను. అలా పట్టులాంటి మసక మెరుపు రావడానికే, గీతలన్నీ ఒకే వైపు సాగడానికే మూడు వారాలు చేతులు అరగదీసుకున్నాడని, దాన్ని శాటిన్ ఫినిష్ అంటారని నాకేం తెలుసు? నానబెట్టిన చింతపండు, స్టీలు పీచు తెచ్చి, పళ్ళేన్ని తోమినట్టు గుండ్రంగా, బలం కొద్దీ తోమాను. అంచుకి టేపు చుట్టి ఉంది కాబట్టి వేళ్ళు మిగిలాయి.

అది గిన్నెల స్టీలు కాదు, తుప్పు పట్టే రకం ఉక్కు. పులుపు తగిలిన కాసేపటికే నల్లటి మచ్చలు లేచాయి. వాటి చుట్టూ సుడులు సుడులుగా గీతలు. కడిగాను, తుడిచాను, పోలేదు. భయంతో కత్తిని ఒరలో దూర్చేసి, వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాను.

మావయ్య తిరిగొచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒర తీసి చూస్తే బాగుండునని ఒకసారి, చూడకపోతే బాగుండునని ఒకసారి అనుకుంటూ కూర్చున్నాను. చూడలేదు. ఒంటిగంటన్నరకి "పదవే, ఇచ్చేసొద్దాం" అని బయలుదేరాడు. తాతగారి గుమ్మం ఎక్కబోతుంటే వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను.

"మావయ్యా, ఇవ్వకు. నేను దాన్ని తోమేశాను."

కత్తి బయటికి లాగి చూశాడు. ముఖం పాలిపోయింది. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "రెండున్నర గంటలుంది. ఒకవైపు నేను చేసి చూపిస్తా, రెండోవైపు నువ్వే చెయ్యాలి" అన్నాడు.

మళ్ళీ మా గరాజ్‌లోకి పరిగెత్తాం. చెక్కముక్కకి శాండ్‌పేపర్ చుట్టి, రెండు చుక్కల నూనె వేసి, పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే లాగు. మధ్యలో ఆగకూడదు, వెనక్కి రుద్దకూడదు. మొన దాటాక చెయ్యెత్తి మళ్ళీ పిడి దగ్గరికి రావాలి. సుడులన్నీ పోయాకే ఇంకా నునుపైన కాగితం పట్టుకోవాలి. తొందరపడితే పాత గీత అడుగున అలాగే మిగిలిపోతుంది. నా వంతు వచ్చేసరికి మూడు కావస్తోంది. వేళ్ళు మండుతున్నాయి. అమ్మ భోజనానికి పిలిచినా ఇద్దరం పలకలేదు. పక్కింటి ముందు కారు డిక్కీ తెరిచిన చప్పుడు వినగానే నా చెయ్యి మొన దగ్గర ఒక్క క్షణం ఆగింది. గోరంత వంకర గీత పడింది.

"కనపడదులే, పద" అన్నాడు మావయ్య.

తాతగారు కత్తిని కిటికీ వెలుగులో ఏటవాలుగా తిప్పి చూశారు. మొదటివైపు చూసి తల ఊపారు. రెండోవైపు ఆయన బొటనవేలు మొన దగ్గర ఆగిపోయింది. ఇది ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగారు. నేనేనని చెప్పి, చింతపండు సంగతితో సహా అంతా కక్కేశాను. చిన్నపిల్ల, పొరపాటున చేసింది, ఈసారికి ఇలాగే తీసుకోండని మావయ్య బతిమాలాడు. విమానం టైమవుతోందని, ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురు తొందరపెడుతోంది. ఇక సూట్‌కేసులో పెట్టాల్సింది ఆ కత్తి ఒక్కటే. ఆయన మాత్రం దాన్ని తిరిగి నా చేతికే ఇచ్చి, ఇది ఇంకా పూర్తి కాలేదన్నారు.

మావయ్య తల దించుకున్నాడు. అన్ని వారాల కష్టం నా వల్లే పాడైందని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు తాతగారు ఆ ఖాళీ గదిలో ఒక అట్టపెట్టె మీద తాపీగా కూర్చుని, ఈ అమ్మాయికి ఇంకాస్త టైము కావాలని కూతురితో చెప్పారు.

మావయ్య పరిగెత్తుకెళ్ళి కాగితం, నూనె తెచ్చాడు. వాళ్ళ వంటింటి గట్టు మీద పెట్టి నేను లాగుతున్నంతసేపూ కూతురి చేతిలో కారు తాళాలు గలగలమంటూనే ఉన్నాయి. తాతగారు మాత్రం ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. ఎన్ని లాగులు లాగానో గుర్తులేదు. వంకర గీత పోయింది. ఆయన మళ్ళీ వెలుగులో తిప్పి చూసి, ఒరలో పెట్టి, చొక్కాల మధ్య జాగ్రత్తగా సర్దుకున్నారు. మావయ్యని దగ్గరికి తీసుకున్నారు. నాకు మాత్రం పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు చెయ్యి అందించారు.

ఆ రోజు ఆయనకి విమానం అందలేదని మావయ్య నా పెళ్ళయ్యాక గానీ చెప్పలేదు. తండ్రీకూతుళ్ళిద్దరూ రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లోనే కూర్చున్నారట. విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. ఫరవాలేదులే అని నా తప్పుల్ని వదిలేసినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళంటే నాకు ప్రేమే. నేను బాగా చేసేదాకా ఆగింది ఆయనొక్కరే. ఇప్పుడు ఆఫీసులో నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు "ఇది చాలు కదండీ" అని అడిగినప్పుడు, చాలదని చెప్పి పక్కనే కూర్చుంటాను. టైము చూడకూడదనే అనుకుంటాను. చూసిన రోజు మాత్రం ఆయన ముందు తప్పు చేసినట్టే ఉంటుంది.