గడ్డి కుక్కిన టైరు

ఆ జూన్‌లో నేను ఉద్యోగంలో చేరాలి. నారాయణఖేడ్‌లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు పని. బీఎడ్ చదివి, పెళ్లయ్యాక రెండేళ్లు ఇంట్లోనే ఉన్న నాకు అలాంటి అవకాశం మళ్లీ వస్తుందో రాదో తెలియదు. అడ్డం ఒక్కటే. పది నెలల నా కూతురు నా చేతితో తప్ప ఇంకెవరి చేతితోనూ తినేది కాదు. అత్తమ్మ గిన్నె పట్టుకుని కూర్చుంటే పెదవులు బిగించి, నేనున్న గది వైపే చూసేది.

"నువ్వు కండ్ల ముంగట ఉంటే ఇది నా దగ్గర తినది," అనేది అత్తమ్మ. "ఓ పూట యాడికన్న పో. ఏమైతదో సూద్దాం."

ఎక్కడికి పోవాలో చెప్పింది నా డిగ్రీ స్నేహితురాలు. వాళ్ల తమ్ముడు హైదరాబాద్‌లో వాడిన సైకిళ్లు కొని అమ్ముతాడు. లావు టైర్ల గేరు సైకిళ్లు మూడు తెచ్చి ఇంట్లో పెట్టాడు. వాటిమీద స్నేహితురాలూ, దవాఖానలో నర్సుగా చేసే మా ఇద్దరికీ తెలిసిన అక్కా కలిసి ఆదివారం పొద్దున్నే గుట్టల మీదికి పోతున్నారు. మూడో సైకిలు ఖాళీగా ఉంది.

మార్చి మొదట్లో ఒక ఆదివారం. తెల్లవారకముందే బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టాను. జొన్నపిండి ఎక్కడుందో, చెంచా ఏదో, ఎంత వేడి ఉండాలో అత్తమ్మకు రెండుసార్లు చెప్పాను.

"నీ మొగన్ని పెంచింది ఎవరనుకున్నవ్?" అంది ఆమె. "పో ఇగ."

తొమ్మిదికల్లా వస్తానని చెప్పి బయలుదేరాను.

చున్నీలు నడుముకు చుట్టి, పైజామా అంచు గొలుసులో పడకుండా బట్టల క్లిప్పులు పెట్టుకున్నాం. కంగ్టి రోడ్డు మీద కొంతదూరం పోయి, పక్కకు తిరిగి పశువుల బాట పట్టాం. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడ ఆకులు రాలి పూలు మాత్రమే మిగిలిన మోదుగు చెట్లు. కాలేజీకి సైకిలు తొక్కిన రోజుల తర్వాత నేను సైకిలెక్కింది అదే మొదలు. ఎక్కుడు రాగానే కాళ్లు ఆగిపోయాయి.

"ఎక్కుడు మీదికొచ్చినంక గేరు మారిస్తే ఏం లాభమే," అంది స్నేహితురాలు వెనకనుంచి. "ముందే మార్చాలె. లెక్కల టీచరువి, గంత తెల్వదా?"

"ఇంకా టీచరును కాలేదు," అన్నాను.

"గట్లనే మెల్లగ తొక్కుతుంటే జూన్ల గూడ కావు."

గుట్ట పైకి చేరేసరికి ఎండ లేతగా పరుచుకుంది. దూరంగా మా ఊరి సెల్ టవరు ఎర్ర తెల్ల చారలతో చిన్నగా కనిపించింది. దాని కింద ఎక్కడో నా ఇల్లు. ఫోనులో సిగ్నల్ చూసి ఇంటికి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

"స్నానం పోస్తుందేమో," అంది అక్క, ఉప్మా డబ్బా తెరుస్తూ. నా చేతిలో చెంచా పెట్టింది. రెండు చెంచాలకంటే ఎక్కువ తినలేకపోయాను. జ్వరమా, కింద పడిందా, గొంతులో ఏమైనా అడ్డం పడిందా అని ఒకదాని వెనక ఒకటి ఆలోచనలు వస్తూనే ఉన్నాయి.

దిగేటప్పుడు పెడళ్ల మీద నిలబడి, వెనక బ్రేకు ముందు పట్టమని స్నేహితురాలు చెప్పింది. అలాగే చేశాను. ఆ దిగుడులో, ఒక్క అర నిమిషం, రాళ్లు తప్ప నా కళ్లకు ఇంకేమీ కనిపించలేదు. ఇల్లు గుర్తుకు రాలేదు. కింద ఆగాక అది తెలిసి సిగ్గుగా అనిపించింది.

ఆగి చూస్తే ముందు టైరులో ముల్లు. తుమ్మముల్లు, తెల్లగా, వేలంత పొడవు. బిడ్డ పుట్టినప్పటినుంచి నా చేతులకు ఒకటే పని. చాపమీద పుల్ల కనబడితే తీయడం, దుప్పటిలో పిన్ను ఉందేమో తడమడం. ఆలోచించకుండానే ముల్లు పట్టుకుని లాగేశాను. సుయ్‌మని గాలి పోయింది.

"ఎందుకు పీకినవే?" అంది స్నేహితురాలు.

"ముల్లు కదా."

పంపు తెచ్చింది కానీ పంక్చరు డబ్బా ఇంట్లో మరిచిపోయింది. గాలి కొడితే వంద అడుగులకే టైరు నేలకు అంటుకుంటోంది. రోడ్డు ఇంకా చాలా దూరం. టైము ఎనిమిదిన్నర. సైకిలు వదిలేసి పరుగెత్తుకుపోదామా అనిపించింది.

మేకలు కాసే పెద్దాయన ఒకాయన కట్టె మీద గడ్డం ఆనించి మమ్మల్ని చాలాసేపటినుంచి చూస్తున్నాడు. దగ్గరికొచ్చి టైరు నొక్కాడు.

"ముల్లు పీకిండ్రా?"

"పీకిన తాతా."

"పీకద్దు బిడ్డా. అది లోపలుంటే చిల్లు మూసుకుపోయి ఉంటది. గాలి మెల్లగ పోతుండె, మీరు ఇల్లు చేరుతుంటిరి. ఇంటికి పోయినంక పీకాలె." టైరు అంచు గోటితో లేపి చూశాడు. "టైరు లేపనీకి పానా గిట్ల ఉన్నదా?"

"పానా యాడిది తాతా, ఉప్మా చెంచాలున్నయి," అంది అక్క.

అవే సరిపోయాయి. చెంచా కాడలతో టైరు అంచు ఒక పక్క లేపించి, లోపలి ట్యూబు బయటికి లాగించాడు. ఆ ఖాళీలో ఎండుగడ్డి కుక్కమన్నాడు. మేం ముగ్గురం గడ్డి కోసి తెచ్చి మెలిపెట్టి కుక్కాం. నేను తొందరగా కుక్కినచోట వేలితో నొక్కి చూసి, "గిది మెత్తగున్నది, తీసి మల్ల వెట్టు," అన్నాడు. రెండుసార్లు తీయించాడు. తొందర పడ్డంత సేపూ పని వెనక్కే పోతోందని అర్థమై, చివరికి కుదురుగా కూర్చుని కుక్కాను.

టైరు గతుకు గతుకుమంటూ, గడ్డి చప్పుడు చేస్తూ నన్ను ఇంటిదాకా మోసింది. పదిన్నర దాటింది. సైకిలు గోడకు ఆనించి వాకిట్లోనే ఆగిపోయాను. లోపల ఏడుపు లేదు. ఏడుపు లేకపోవడంతో ఇంకా భయం వేసింది.

గడప దగ్గర అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద నా కూతురు, మూతి చుట్టూ జొన్న అంబలి. నన్ను చూసింది. నవ్వింది. తర్వాత చెంచా వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఏడ్వలేదా?" అన్నాను.

"ఎందుకు ఏడ్వది? గంటసేపు ఏడ్సింది. వాడకట్టంత లేచొచ్చిండ్రు. ఇంగ ఆకలైనంక తిన్నది. ఇది రెండో గిన్నె."

"ఫోను చేస్తే ఎత్తలేదు."

"మోగింది ఇన్న. నీ గొంతు ఇంటే మల్ల షురూ చేస్తది. గందుకే ఎత్తలే."

నాకు కోపం రావాలి. రాలేదు. పాలతో గుండెలు బరువెక్కి నొప్పి పెడుతున్నాయి. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎత్తుకోకుండా పక్కనే కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం గుట్ట ఎక్కడంకంటే కష్టమైంది.

మూతి తుడిచాక బిడ్డ పాక్కుంటూ సైకిలు దగ్గరికి పోయింది. టైరు అంచున బయటికొచ్చిన గడ్డిపరకను రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. లేవబోయి ఆగాను.

"బడోళ్లకు ఏం చెప్తవ్ మరి?" అంది అత్తమ్మ గిన్నె కడుగుతూ.

"వస్తానని చెప్తా," అన్నాను.