నాన్న పాస్ చేసిన నాలుగు చక్రాలు

నేను కారు కొన్న రోజు ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ ముందు జనం పోగయ్యారు. జనం అంటే మరీ ఊహించుకోకండి. ఎదురింటి పిన్నిగారు, రెండు కుక్కలు, ఒక సైకిలాయన. సైకిలాయన కూడా దారి లేక ఆగాడు.

కారు ఎరుపు. రెండే తలుపులు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే అందులోకి ఎక్కరు, దిగుతారు. కలకత్తాలో ఒక డాక్టరుగారు పన్నెండేళ్ళు నడిపి, నడుం నొప్పి వచ్చి అమ్మేశారు. ఆయన ఎముకల డాక్టరు. కారు కంపెనీ పేరు చెప్పను. చెబితే మా నాన్న ఆ కంపెనీని ఏమన్నాడో కూడా చెప్పాల్సి వస్తుంది.

నేను ఇంట్లోనే కూర్చుని కలకత్తా కంపెనీ ఒకదానికి కంప్యూటర్ పని చేస్తాను. నా ఆఫీసు మా వంటింటి పక్క గది. “పక్క గదికెల్లడానికి స్పోర్ట్స్ కారేటే?” అంది అమ్మ. స్పోర్ట్స్ కారు కొనడానికి మంచి కారణం ఇంతవరకూ ఎవరికీ దొరికినట్టు లేదు. దొరికేదాకా ఆగితే ఎవరూ కొనరు.

సాయంత్రం నాన్న సైకిల్ మీద డ్యూటీ నుంచి వచ్చాడు. అందరూ కారు ముక్కు చూశారు, రంగు చూశారు, పిన్నిగారైతే అద్దంలో తన బొట్టు సరిచూసుకున్నారు. నాన్న సైకిల్ స్టాండు వేసి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆయన ముప్పై ఆరేళ్ళుగా రైల్వే వర్క్‌షాపులో వీల్ షాపు మనిషి. అరిగిపోయిన రైలు చక్రాలు అక్కడికి వస్తాయి. వాటిని లేత్ మీద చెక్కి, కొలిచి, సుత్తితో కొట్టి విని, బాగుంటే తెల్ల పెయింటుతో మార్కు వేసి పంపుతారు. మా నాన్న దృష్టిలో రైలంటే చక్రాలు. పైనున్నది సామాను.

రెండు నిమిషాలు చూసి లేచాడు.

“బండి సంగతి నాకు తెల్దు అమ్మీ. సక్రాలు మాత్రం ఫెయిల్.”

నాకు కోపం వచ్చింది. పక్కన కూర్చుని చూశాను. కోపం పోయింది. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్క వేస్తే ఆ టైర్లకి తొమ్మిదేళ్ళు. రబ్బరు ఎండాకాలం చెరువు అడుగులా పగుళ్ళు తేలి ఉంది. ఒక రిమ్ము అంచు లోపలికి వంగి ఉంది. డాక్టరుగారి నడుముదీ, ఈ రిమ్ముదీ ఒకే గొయ్యి అయి ఉంటుంది.

ఇదంతా మామూలుగా అయితే పెద్ద విషయం కాదు. కానీ ఆ నెలాఖరుకి నాన్న రిటైర్మెంట్.

వర్క్‌షాపులో రిటైరయ్యే మనిషిని ఊరికే ఇంటికి పంపరు. మెడలో దండ, చేతిలో గోడ గడియారం (ఇక టైముతో పని లేనివాడికి గడియారం ఇవ్వాలని ఎవరికి తోచిందో), ముందు డప్పులు, బంతిపూలు కట్టిన అద్దె కారు. షాపు మనుషులంతా వెనకాల నడిచి, ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి, మిఠాయి తిని వెళ్తారు. చిన్నప్పటి నుంచి మా వీధిలో ఇలాంటి ఊరేగింపులు ఎన్ని చూశానో. చూసిన ప్రతిసారీ ఒకటే అనుకున్నాను: మా నాన్న వచ్చే రోజు అద్దె కారు కాదు, నా కారు, నేనే నడపాలి. పైకి మాత్రం అనలేదు. మా ఇంట్లో ఇలాంటి మాటలు పైకి అంటే ముందు నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూస్తారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మామూలుగా అన్నట్టే అన్నాను. “నెలాఖరుకి నిన్ను ఇందులోనే తీసుకొస్తాను నాన్నా.”

“నాను సైకిల్ మీద వత్తాను.”

“దండతోనా?”

“దండ హేండిల్‌కి తగిలిత్తాను.”

“వెనక డప్పులోళ్ళు పరిగెడతారేటి మరి?” అంది అమ్మ.

నాన్న చారు పోసుకున్నాడు. “సూడు అమ్మీ. ముప్పై ఆరేళ్ళు నాను పాస్ సెయ్యని సక్రం మా షాపు దాటి ఎల్లనేదు. ఆకర్రోజున నాను పాస్ సెయ్యని సక్రం మీద కూకుని ఊరేగితే నవ్వరేటి?”

అంటే రానని కాదు. పరీక్ష పెట్టాడు. నాకు ఇరవై రోజుల గడువు.

నా మనసులో ఉన్నవి పద్దెనిమిది అంగుళాల చక్రాలు. నల్లటివి, సన్నటి ఆకులవి, చుట్టూ ఎర్ర గీతవి. వాటికి టైరు పల్చగా, గాజుకి రిబ్బను కట్టినట్టు ఉంటుంది. ఫోనులో బొమ్మ చూపించాను. నాన్న కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశాడు.

“రబ్బరేదీ?”

“అదే నాన్నా, చుట్టూ.”

“ఇదా! నాను మట్టి అంటిందనుకున్నాను.”

వివరించాను. బయటి కొలత మారదు, లోపల లోహం పెరిగితే రబ్బరు తగ్గుతుంది, అంతే.

“బయట కొలత మారనప్పుడు ఇనుము పెంచడం దేనికి?”

“అందం.”

“ఎవులికి?”

“చూసేవాళ్ళకి.”

“మరి కూకున్నోళ్ళకో?”

అమ్మ అప్పటికే వెనక సీటులో ఒకసారి కూర్చుని చూసింది. ఆ కారుకి వెనక సీటు ఉందని తయారుచేసినవాళ్ళు మాత్రమే నమ్మారు. “నాకు మోకాళ్ళు గడ్డానికి తగుల్తున్నాయి, దాని మీద ఈ రిబ్బన్లేటి?” అని తీర్మానించింది. కారు తలుపు చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, ఈ బండికి ఏ కొలత టైరు వెయ్యాలో చెబుతూ. అందులో పదహారు అంగుళాలని ఉంది. నాన్న దాన్ని వేలితో రెండుసార్లు తట్టాడు, అంతే. ఆయన వాదనలు ఎప్పుడూ అంతకంటే పొడుగుండవు. అందుకే ఎదురు వాదించడం కష్టం.

ఆదివారం ఇద్దరం టైర్ల కొట్లుండే ఇందా బజారుకి వెళ్ళాం. నేను కారు తీసుకెళ్ళాను. నాన్న వెనకాల సైకిల్ మీద వచ్చాడు. ఫెయిలైన చక్రాల బండి ఎక్కనన్నాడు. ఇందా బజారు రద్దీ పుణ్యమా అని నాకంటే ముందే చేరుకున్నాడు.

టైర్ల కొట్టు ఆయన బెంగాలీ, అందుకని అందరికీ దాదా, అంటే అన్నయ్య. రంగురంగుల రిమ్ములు గోడంతా వేలాడదీసి ఉంచాడు. నాకు కావాల్సింది చెబితే, నన్ను “దీదీ” అంటూ, జవాబు మాత్రం నాన్నతో చెప్పాడు. కారు నాది, తాళం నా చేతిలో, అనుమానాలు నావి. జవాబులు మాత్రం “కాకు”కి, అంటే బాబాయిగారికి. నేను గోడకి ఆనుకుని విన్నాను. నాకు అలవాటే.

నేను కలగన్న నల్ల రిమ్ములు అచ్చంగా అలాంటివే అక్కడ ఉన్నాయి. నాలుగు. వాడినవే, కానీ మెరుస్తున్నాయి. వాటిని చూసి నేను నవ్వుతున్నానని దాదాకి తెలిసిపోయింది. బేరానికి అది ఎప్పుడూ మంచిది కాదు.

నాన్న సైకిల్ సంచీలోంచి చిన్న సుత్తి తీశాడు.

“ఆరే కాకు, కీ కోర్ఛేన్?” అని దాదా కంగారుపడ్డాడు. ఏం చేస్తున్నారని.

నాన్న మొదటి రిమ్ముని తాడుకి వేలాడదీసి మెల్లగా తట్టాడు. ణంగ్‌మని మోగి, బడి గంటలాగా చాలాసేపు సాగింది. రెండోది మోగింది. మూడోదీ మోగింది. నాలుగోది అటుకుల డబ్బా మీద కొట్టినట్టు డబ్‌మని ఊరుకుంది.

మళ్ళీ కొట్టాడు. డబ్.

“ఇది సచ్చిపోయింది” అన్నాడు నాన్న.

దాదా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాళీమాత సాక్షిగా చక్రం మంచిదేనన్నాడు, రంగు మందంగా పడింది గనక అలా మోగిందన్నాడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రినన్నాడు. ఆయన కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. నాన్న ఆయన్ని జాలిగా చూసి, చాకు ఉందా అని అడిగాడు.

రంగు గీకారు. కింద వెంట్రుక మందాన పగులు, దాని మీద వెల్డింగు అతుకు.

దాదా ఆ పగులు చూసి నిజంగానే కూలబడ్డాడు. ఎవరో తనకి అంటగట్టారు పాపం, ఆయనకీ తెలియదు. కాసేపటికి తేరుకుని, ముగ్గురికీ టీ తెప్పించి, “కాకు, మిగతావి కూడా కొంచెం కొట్టి చూడండి” అన్నాడు. నాన్న టీ తాగుతూ గోడ మీదున్న రిమ్ములన్నీ ఒక్కొక్కటే మోగించాడు. పక్క కొట్టు వాళ్ళు పూజ మొదలైందనుకుని తొంగి చూశారు.

నేను నా నల్ల చక్రాలకేసి చూశాను. మంచివి మూడున్నాయి. మూడు చక్రాలతో ఏ బండి నడుస్తుందో ఖరగ్‌పూర్‌లో అందరికీ తెలుసు, దానికి హారన్ కూడా బాగుంటుంది. “పదహారు అంగుళాలవి చూపించండి దాదా” అన్నాను.

వెండిరంగు, అయిదాకులు, మామూలువి. నాలుగూ మోగాయి. టైర్ల దగ్గర మాత్రం నేను పట్టు వదల్లేదు. నాన్నకి నున్నటి టైరు నచ్చింది. రైలు చక్రం నున్నగానే కదా ఉంటుంది.

“నాన్నా, పట్టాల మీద నీళ్ళు నిలవవు. మన సెటిల్‌మెంట్ రోడ్డు మీద శ్రావణంలో చేపలుంటాయి. నీళ్ళు పక్కకి పోవాలంటే లోతైన గాళ్ళుండాలి.”

నాన్న టైరు గాడిలో వేలు పెట్టి కొసదాకా నడిపించాడు. “కాలవలు తవ్వినట్టేనేటి?”

“అదే.”

“అలగైతే నువ్వు సెప్పిందే తే.” ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఇంకొకరి మాట విన్నది అదే మొదటిసారని అమ్మ అంటుంది. అమ్మ కొంచెం పెంచి చెబుతుంది. రెండోసారి.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన స్టీలు టేపు తీసి నాలుగు టైర్ల చుట్టుకొలత తీశాడు. ఒకే ఇరుసు మీద చక్రాలు రెండూ ఒక్క కొలత ఉండాలిట. వెంట్రుకంత తేడాతో జతలు కుదిర్చి, చాక్‌పీసుతో ముందు, వెనక అని రాశాడు. దాదా రాసినట్టే బిగించాడు. అప్పటికి ఆయన నాన్న శిష్యుడు.

ఇంటికొచ్చాక ఇంకో లోపం బయటపడింది. కొత్త టైర్ల మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి కదా, అచ్చులోంచి వచ్చినవి. అవి రోడ్డు మీద రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి. కానీ వీల్ షాపులోంచి ఏ చక్రమూ అంచున చిన్న ముల్లుతో కూడా బయటికి వెళ్ళదు. నాన్న పీట వేసుకుని, పాత బ్లేడు తీసుకుని, నాలుగు టైర్లకీ గుండు చేశాడు. రెండు సాయంత్రాలు పట్టింది. దారిన పోయేవాళ్ళు “ఏటి మావా, సక్రానికి పుట్టెంటికలా?” అని అడిగి పోయేవాళ్ళు. “మొక్కున్నాది” అనేవాడు తల ఎత్తకుండా.

“మరి పాసేనా?” అని రోజూ అడిగాను. “సూద్దారి” అని రోజూ అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున్న కూడా సైకిల్ మీదే వెళ్ళాడు. సాయంత్రం నేను బంతిపూలు కట్టిన కారుతో వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మ పట్టుచీర కట్టుకుని వెనక సీటులో ముడుచుకుని ఉంది. చేతులు కదిపే చోటు లేక కళ్ళతోనే ఆజ్ఞలు ఇస్తోంది. డప్పులు మొదలయ్యాయి. మెడ నిండా దండలతో, ఒక చేత్తో గోడ గడియారం, ఇంకో చేత్తో సైకిల్ హేండిల్ పట్టుకుని నాన్న బయటికి వచ్చాడు. సైకిల్ చూడగానే కారు తాళం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

వెనకాల వీల్ షాపు మనుషులు ముప్పై మంది దాకా ఉన్నారు. సినిమాలో అయితే ఇక్కడ వాళ్ళు నాన్నని భుజాల మీద ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. కారు చూసి, ఆయన్ని అక్కడే వదిలేసి, నాలుగు చక్రాల చుట్టూ గొంతుక్కూర్చున్నారు. పూలూ చూడలేదు, ఎరుపూ చూడలేదు. ఒకాయన జేబులోంచి టార్చి తీశాడు. డప్పులవాళ్ళు ఎవరికోసం కొట్టాలో తెలియక ఆపేశారు.

“బావా, ఇది నీ సెయ్యే కదేటి?” అన్నాడు టార్చి ఆయన.

వంగి చూశాను. ఆకుల వెనక, లోపలి వైపు, తెల్ల పెయింటుతో చిన్న అక్షరాలు: పాస్. కింద ఆ రోజు తేదీ. నాలుగు చక్రాలకీ ఉంది. తెల్లవారకుండానే వేసేసి, సైకిలెక్కి ఏమీ ఎరగనట్టు డ్యూటీకి పోయాడు.

“ఆకరి సెట్టు” అన్నాడు నాన్న.

నేను తేదీ మళ్ళీ చదివాను. అప్పుడు వెనక సీటులోంచి అమ్మ కేకేసింది. “ఇంటికెల్దారా, నేకపోతే నన్నిక్కడే రిటైర్ సేత్తారా? కాళ్ళు పోనాయి!”

నాన్న సైకిల్‌ని టార్చి ఆయన చేతికిచ్చి, నా పక్క సీటులోకి దిగాడు. గడియారం అమ్మ ఒళ్ళో పడింది. ఊరేగింపు డప్పుల నడకతో కదిలింది. నా స్పోర్ట్స్ కారు మొదటి గేరు దాటలేదు. మధ్యలో నాన్న సైకిల్ మమ్మల్ని దాటిపోయింది, తొక్కుతున్న టార్చి ఆయన గంట కూడా కొట్టాడు.

స్పీడ్ బ్రేకర్ మీద కారు మెత్తగా లేచి దిగింది. నాన్న కిటికీలోంచి చెవి బయటికి పెట్టి విన్నాడు.

“సప్పుడే నేదేటి?”

“రబ్బరు కదా నాన్నా.”

“మరి రేపట్నుంచి నాను ఏటి ఇనాల?”

“నా మాట ఇనండి. ముప్పై ఆరేళ్ళుగా సెప్తన్నాను” అంది అమ్మ వెనకనుంచి. నాన్న అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. దండలో పూలు సగం నా గేరు మీద రాలాయి.

మర్నాడు ఆయన సైకిలేసుకుని ఇందా వెళ్ళాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు. పని కాదట, దాదా కొట్టులో కొత్తగా వచ్చినవి ఊరికే నాలుగు మోగించి వస్తాడట. అమ్మ మాట ఇంకా వరసలో ఉంది.

ఆ తెల్ల అక్షరాలు నా చక్రాల మీద ఇప్పటికీ ఉన్నాయి. కారు కడిగినప్పుడల్లా వాటిని వదిలేసి చుట్టూ కడుగుతానని ఎదురింటి పిన్నిగారు వీధంతా చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. అదేం లేదు. అది రైలు చక్రాలకి వేసే పెయింటు, రుద్దితే పోదు. ఒకసారి రుద్ది చూశాను. మెల్లగానే రుద్దాను.