యాదికి రాని యాదగిరులు

తొంభైల్లో మేడ్చల్‌లో మా కాలనీకి పాలు పోసే పెద్దాయనకు పేర్లు గుర్తుండేవి కావు. యాదికి రాని మనిషల్లా ఆయనకు యాదగిరే. "ఈ దిక్కు ఆ పేరుకు పదిమందిల ఇద్దరన్న పలుకుతరు" అనేవాడు. నన్ను "యాదగిరి సారూ" అన్నప్పుడు మాత్రం అది ముద్దుపేరనుకుని, పాలకంటే ముందు నేనే పొంగిపోయేవాణ్ణి.

చిక్కల్లా క్యాను మోసే కొడుకుది. అతని అసలు పేరే యాదగిరి. తండ్రి తనను గుర్తుపట్టి పిలుస్తున్నాడో లేదో తెలియక కుమిలిపోయేవాడు. ఒక పొద్దున మా గేటు దగ్గరే అడిగేశాడు.

"బాపూ, నేను నీకు యాదికున్ననా, ఉత్తగనే యాదగిరి అంటున్నవా?"

పెద్దాయన పాలు కొలవడం ఆపలేదు.

"యాదికి లేనోళ్లకు ఎనకాల సారూ అని తగిలిస్త. నిన్నెన్నడన్న సారూ అన్ననారా?"

కొడుకు తలొంచుకుని నవ్వాడు. అక్కడ గిన్నె పట్టుకుని నిలబడ్డ సారు నేనొక్కణ్ణే.