వైశాలి దాకా మెట్రో, ఆపైన అల్లం టీ

మయూర్ విహార్ నుంచి ఘాజియాబాద్ వెళ్లిరావడం హిమాలయ యాత్ర కన్నా కష్టమని చెబితే మా ఆవిడ నమ్మదు. జూలై ఉక్కలో, నా అంతటి భారీకాయాన్ని ఆఫీసుల వేళ మెట్రోలోకి ఎక్కించడమంటే ఏనుగును అగ్గిపెట్టెలో సర్దడమే. అయినా బయలుదేరాను. మానసిక ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలర్ ఉద్యోగం మరి. రాలేనివాళ్ల ఇంటికి మనమే వెళ్లాలి.

తోడు మపుయి. మా కేంద్రంలో నర్సు, మిజోరం అమ్మాయి. చూడటానికి కాలేజీ పిల్లలా ఉంటుంది గానీ, ఆమె ఒక్కసారి "బైఠియే" అందంటే డాక్టర్లు కూడా కూర్చుంటారు.

మేం వెంటబెట్టుకు రావలసింది కిరణ్‌ని. ముప్పై ఏళ్లవాడు. వాళ్ల నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరై ఘాజియాబాద్‌లోనే ఫ్లాటు కొనుక్కుని, ఇప్పుడు ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. ఎవరికీ వినపడని గొంతులు కిరణ్‌కి వినిపించేవి. మందులతో అవి చాలావరకు సద్దుమణిగాయి. కొత్తగా వచ్చే రోగులకు ధైర్యం చెప్పే పనిలోకి మా కేంద్రం అతన్ని తీసుకుంది. వస్తానని రెండుసార్లు బయలుదేరాడు, రెండుసార్లూ లిఫ్టు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు. ఈ రోజూ రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఈ దారిన వెళ్లేవాళ్ల కోసం చెబుతున్నాను: పింక్ లైన్‌లో ఆనంద్ విహార్ దాకా వెళ్లి, బ్లూ లైన్ మారి వైశాలిలో దిగాలి. ఆనంద్ విహార్‌లో ఆ లైను నుంచి ఈ లైనుకు నడిచేలోపు ఒక తరం గడిచిపోతుంది. గట్టి చెప్పులు వేసుకోండి.

రైల్లో ఎదుటి సీటు పెద్దాయన మపుయిని ఎగాదిగా చూశాడు. "బేటీ, మీది ఏ దేశం? నేపాలా, చైనానా?"

"ఘాజియాబాద్ వెళ్తున్నాం అంకుల్. సరిహద్దు ఇంకా దాటలేదు," అంది మపుయి చల్లగా.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు మద్రాసీ కదా? రోజూ ఇడ్లీలేనా?"

"ఈ పొట్ట చూసి చెప్పండి భాయ్ సాబ్, ఒట్టి ఇడ్లీలతో ఇంత వస్తుందా?"

మపుయి నా చెవిలో అంది: "రోజూ ఎవరో ఒకరు అడుగుతారు సార్. అడగని రోజు నాకేమైనా అయిందేమోనని అద్దం చూసుకుంటాను." నవ్వింది. కానీ ఆనంద్ విహార్ దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

వైశాలిలో ఎక్కిన ఈ-రిక్షా నా ఎముకలన్నిటినీ విడదీసి, తనకు తోచిన వరుసలో మళ్లీ బిగించింది. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక పంజాబీ ఆంటీ తగిలింది. కిరణ్ వాళ్ల కింది ఫ్లాటు ఆవిడే. ఎవరింటికని అడిగింది. ఎక్కడి నుంచి వచ్చామో బయట చెప్పకూడదన్నది మా పద్ధతి. "పనుంది" అని ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకోదు కదా, "కిరణ్‌కి పెళ్లి సంబంధం తెచ్చామండీ," అనేశాను.

ఆంటీ కళ్లు మపుయి మీద వాలాయి. "అచ్ఛా! లడ్కీ ఈమేనా?"

మపుయి నన్ను చూసిన చూపుకు పది పిచ్చుకలు రాలిపోయేవి.

తలుపు తీసిన కిరణ్ వాళ్లమ్మ సత్యవతిగారు ముందు మెట్ల వైపు చూసి, తర్వాత మమ్మల్ని చూశారు. కొడుకు అమెరికా కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తున్నాడని ఆవిడ అందరికీ చెప్పుకున్నారు. "మెల్లగా మాట్లాడండి బాబూ, గోడలకి చెవులుంటాయి," అన్నారు. కిరణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

ఏ ఇంటికి వెళ్లినా మపుయికి ఒక అలవాటు. రోగి చేతే టీ పెట్టిస్తుంది. ఇలాంటి ఇళ్లలో రోగి చేతికి అందకుండా మొట్టమొదట మాయమయ్యేవి కత్తీ, గ్యాస్ లైటరూ.

"కిరణ్ భయ్యా, అల్లం టీ తాగించవా?"

సత్యవతిగారి మొహం పాలిపోయింది. "నేను పెడతానుగా, వాడెందుకు?"

"ఆయన పెట్టేదే కావాలి ఆంటీ."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి, ఎక్కడి నుంచో లైటరు తీసి, తనే స్టవ్ వెలిగించి, మళ్లీ ఎక్కడో దాచేసి వచ్చారు. కిరణ్ అల్లం దంచుతున్న చప్పుడు వినిపించింది. అతను తెచ్చిన టీ మాకు అందేసరికి కాలింగ్ బెల్ మోగింది. కొత్త పెళ్లికూతుర్ని చూడటానికి కింది ఆంటీ దిగబడింది. నా పుణ్యమే.

వస్తూనే కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. "వాహ్! నూడుల్స్ తప్ప ఏమీ రాదేమో అనుకున్నాను. లడ్కీ టీ బాగా పెట్టింది. మొహం సంగతి వదిలేయండి, చలేగా, నడిచిపోతుంది!"

మపుయి కప్పు కింద పెట్టింది. నేను సోఫాలోకి ఇంకిపోదామని చూశాను గానీ సోఫా ఒప్పుకోలేదు.

"టీ నేను పెట్టాను ఆంటీ," అన్నాడు కిరణ్, నిలబడే. "ఈవిడ లడ్కీ కాదు, నా నర్సు. ఆవిణ్ణి అలా అనకండి. నాకు అమెరికా ఉద్యోగం లేదు. మానసిక జబ్బు. మందులు వేసుకుంటున్నాను."

ఫ్యాను కూడా తిరగడం మానేసి విన్నదని నా నమ్మకం. సత్యవతిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆంటీ చేతిలో కప్పు సగం నిండుగా ఉంది. అందరం దాన్నే చూస్తున్నాం.

ఆంటీ గొంతు తగ్గించి సత్యవతిగారిని అడిగింది. "కొట్టడు కదా?"

"నన్నే అడగండి ఆంటీ," అన్నాడు కిరణ్.

ఆవిడ తడబడింది. "కొడతావా బేటా?"

"లేదు ఆంటీ. భయపడతాను."

 ఆంటీ కప్పెత్తి మిగిలింది తాగేసింది. "అల్లం ఇంకొంచెం పడాలి," అంది. "రాత్రంతా నా నెత్తి మీద నీ అడుగుల చప్పుడు. అమెరికావాళ్లు పిల్లాణ్ణి నిద్రపోనివ్వడం లేదని తిట్టుకునేదాన్ని." మపుయి వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "బేటీ, మీదెక్కడ?" అంది.

"మిజోరం."

"అదెక్కడ?"

"మన దేశంలోనే ఆంటీ. కొంచెం కుడివైపుకి."

మేం లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి కింది అంతస్తు నుంచి ఆంటీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, కిరణ్ చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది. నిండా మఠ్రీలు, మన చెక్కల్లాంటివి. "డబ్బా నువ్వే తెచ్చివ్వాలి, మీ అమ్మ కాదు. ఠీక్ హై?"

లిఫ్టు వచ్చింది. కిరణ్ ఒక క్షణం ఆగాడు. తర్వాత లోపలికి అడుగు వేశాడు. లిఫ్టు నా బరువు సంగతి మరిచిపోయిందేమో, ముగ్గురినీ కిక్కురుమనకుండా దించింది.

తిరుగు ప్రయాణంలో వైశాలి మొదటి స్టేషన్ కాబట్టి ముగ్గురికీ సీట్లు దొరికాయి. ఇది ఈ యాత్రలో అన్నిటికన్నా పెద్ద మహిమ, రాసి పెట్టుకోండి. పక్కనున్న కుర్రాడెవరో మపుయిని అడగనే అడిగాడు, ఎక్కణ్ణుంచి వస్తున్నారని. ఆమె నోరు తెరిచేలోపు కిరణ్ చెప్పాడు: "మా ఇంటి నుంచి."

మపుయి ఈసారి కిటికీ వైపు తిరగలేదు. మఠ్రీ డబ్బా మూత తీసి ఆ కుర్రాడికీ ఒకటి పెట్టింది.

డబ్బా ఖాళీ అవుతున్న కొద్దీ కిరణ్ ఆలోచనలో పడ్డాడు. "సార్, డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా?"

"ఎలా ఇస్తావు? పరువు పోదూ! పులిహోర పెట్టివ్వు," అన్నాను.

అతను ఫోను తీసి వాళ్లమ్మకు చేశాడు. ఆనంద్ విహార్ వస్తోందని చెప్పాడు, బానే ఉన్నానన్నాడు, సాయంత్రం వచ్చి పులిహోర కలుపుతానన్నాడు. తర్వాత మామూలుగా, సబ్బు ఎక్కడుందని అడిగినంత మామూలుగా అడిగాడు:

"అమ్మా, లైటర్ ఎక్కడ పెట్టావు?"

 రైలు స్టేషన్‌లోకి వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. మపుయీ నేనూ దిగకుండా అతని మొహమే చూస్తూ నిలబడ్డాం.

"బియ్యం డబ్బాలో నాన్నా," అంది ఫోన్లోంచి సత్యవతిగారి గొంతు. "అడుగున ఉంటుంది. నువ్వొచ్చేసరికి తీసి స్టవ్ పక్కన పెడతాలే."